పూటకాపు

ధ్యానమునకు వాక్యభాగము: ఫిలేమోనుకు వ్రాసిన పత్రిక, 8 నుండి 22 వచనములు



మన పరిశుద్ధ గ్రంథములో తీతుకు వ్రాసిన పత్రికకును హెబ్రీయులకు వ్రాసిన పత్రికకును నడుమ ఒకే అధ్యాయము గల చిన్న పత్రిక యున్నది. పుటలు త్రిప్పునప్పుడు రెండు కాగితములు కలిసి తిరిగినచో అది మనకు కనబడనే కనబడదు. అందులో గొప్ప సిద్ధాంతముల వివరణ లేదు, అంత్యదినములను గూర్చిన ప్రవచనము లేదు. ఒక యజమానుడు, అతని యొద్దనుండి వెళ్లిపోయిన ఒక దాసుడు, ఆ యిద్దరి నడుమ నిలిచిన వృద్ధుడైన ఒక ఖైదీ, ఇంతే. అయినను ఆదిసంఘము దీనిని పారవేయలేదు. సువార్తలతోను రోమా పత్రికతోను కలిపి మన చేతికి అప్పగించినది. తప్పు చేసిన మనుష్యుడు తిరిగి వచ్చునప్పుడు ఏమి చేయవలెనన్నది సంఘమునకు చిన్న ప్రశ్న కాదు గనుక అట్లు చేసినదని నేను తలంచుచున్నాను.

ఈ నెల మనము ఆలోచింపదలచిన సంగతియు అదే. నేరము ఋజువైన తరువాత కోర్టువారు జైలుకు పంపక, షరతులు విధించి, ఊరిలోనే ఉంచిన మనుష్యుని యెడల సంఘము ఎట్లు నడచుకొనవలెను?

అతడు తప్పించుకొని వచ్చెనా?

ఊరిలో సాధారణముగా వినబడు మాట మనకు తెలియును. అట్టివాడు సాయంకాలపు బస్సు దిగి రచ్చబండ ప్రక్కగా నడచి వచ్చుచుండగా అక్కడ కూర్చున్నవారు మాటలు ఆపుదురు. ప్లీడరుకు డబ్బు పోసి తప్పించుకొని వచ్చినాడని ఒకడనును. కుక్కతోక వంకర ఎక్కడికి పోవునని మరియొకడనును. పొలములో మోటారు తీగ పోగొట్టుకొన్న రైతు తన గుమ్మములో నిలిచి చూచుచుండును. పంట ఎండిన ఆ వారము దినములు అతడింకను మరువలేదు. అతని బాధ నిజమైన బాధ. దానిని చులకన చేయుటకు మనకు అధికారము లేదు.

గనుక మొదట చట్టము ఏమి చెప్పుచున్నదో తెలిసికొందము. తెలియక మాటలాడుట వలన పొరుగువానికి అన్యాయము జరుగును.

మన దేశములో 1958వ సంవత్సరమున నేరస్థుల ప్రొబేషను చట్టమును పార్లమెంటు చేసినది. అది నేటికిని అమలులో నున్నది. మరణశిక్షకైనను యావజ్జీవ శిక్షకైనను తగిన నేరము కానియెడల, నేరము యొక్క స్వభావమును, నేరస్థుని నడవడిని, అతని పరిస్థితులను విచారించి, న్యాయాధిపతి అతనిని జైలుకు పంపక మంచి నడవడి పత్రము వ్రాయించుకొని విడుదల చేయవచ్చును. ఆ పత్రపు గడువు మూడు సంవత్సరములకు మించరాదు. అతనికైనను అతనికి జామీను నిలిచినవానికైనను స్థిరమైన నివాసమో క్రమమైన వృత్తియో యుండవలెను. అవసరమని తోచినయెడల ప్రొబేషను ఆఫీసరు పర్యవేక్షణ క్రింద ఉండుమని కూడ కోర్టు ఆజ్ఞాపించును. ఆ పర్యవేక్షణ ఒక సంవత్సరమునకు తక్కువ కాకూడదు. నష్టపోయినవానికి పరిహారము చెల్లింపుమని కూడ ఉత్తరువు చేయవచ్చును.

ఇరువదియొక సంవత్సరములు నిండని యౌవనస్థుని విషయములో చట్టము మరింత గట్టిగా చెప్పుచున్నది. యావజ్జీవ శిక్షకు తగిన నేరము కానప్పుడు, వేరు మార్గము తగదని తోచితేనే తప్ప అతనిని జైలుకు పంపకూడదు. పంపినయెడల న్యాయాధిపతి కారణములు వ్రాయవలెను. అంతకు ముందు ప్రొబేషను ఆఫీసరు నివేదికను తెప్పించుకొని చూడవలెను.

ఇది విడిచిపెట్టుట కాదు. షరతు మీరినవానిని కోర్టు మరల పిలిపించి మొదటి నేరమునకే శిక్ష విధించును. మెడమీద కాడి యున్నది, అయితే అది పనిచేయనిచ్చు కాడి. అన్ని నేరములకును ఈ దయ వర్తింపదు. షెడ్యూల్డు కులముల, తెగలవారిమీద జరుగు అత్యాచారములను నిరోధించు 1989వ సంవత్సరపు చట్టము క్రింద నేరస్థుడైన పదునెనిమిదేండ్లు దాటినవానికి ప్రొబేషను లేదు. మన పల్లెలలో ఇది తెలిసియుండవలసిన సంగతి.

2024 జూలై 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహిత మరియొక మార్గమును చేర్చినది. సమాజసేవ అనునది ఇప్పుడు చట్టములో ఒక శిక్ష. అయిదు వేల రూపాయలకు తక్కువ విలువ గల వస్తువును దొంగిలించి, మొదటిసారి నేరస్థుడై, ఆ వస్తువునో దాని వెలనో తిరిగి యిచ్చినవానికి జైలుకు బదులుగా సమాజసేవ శిక్షగా విధింపబడును. త్రాగి బహిరంగ స్థలములో అల్లరి చేసినవానికిని ఈ శిక్ష విధింపవచ్చును. అది ప్రజలకు మేలు కలిగించు పని. దానికి కూలి లేదు.

సంఘము నుండి పుట్టిన పని

ప్రియులారా, ఈ పద్ధతి కచేరీలలో పుట్టలేదు. అమెరికాలో బోస్టను పట్టణమున జాన్ ఆగస్టస్ అను చెప్పులు కుట్టువాడుండెను. అతడు మద్యపాన నిషేధమునకై పనిచేయుచున్న సంఘములో చేరినవాడు. 1841వ సంవత్సరము ఆగస్టు నెలలో ఒక ఉదయమున అతడు పోలీసు కోర్టులో కూర్చుండగా, చింపిరి బట్టలతో ఒక త్రాగుబోతును లోనికి తెచ్చిరి. ఆగస్టస్ వానితో కొంచెము మాటలాడి, ఇకను త్రాగనని వాడిచ్చిన మాట నమ్మి, వానికి జామీను నిలిచెను. మూడు వారములైన తరువాత వానిని మరల కోర్టుకు తీసికొని వచ్చినప్పుడు వాడు మారిన మనుష్యునిగా కనబడెను. న్యాయాధిపతి ఒక సెంటు జుర్మానాయు కోర్టు ఖర్చులును మాత్రము విధించెను. 1859లో తాను చనిపోవువరకు ఆగస్టస్ సుమారు రెండు వేలమందికి ఇట్లు జామీను నిలిచెను. వారికి ఇల్లు చూచెను, పని చూచెను. అతడు జీతము పుచ్చుకొను ఉద్యోగి కాడు. చెప్పుల దుకాణము నడుపుకొనుచునే ఈ పని ఆరంభించెను. అతడు పోయిన తరువాత 1878లో మసాచుసెట్స్ రాష్ట్రము ఈ పనికి జీతము గల ఉద్యోగిని నియమించుటకు చట్టము చేసెను.

ఇంగ్లాండులోను అట్లే జరిగెను. 1876లో ఫ్రెడరిక్ రైనర్ అను అచ్చు పనివాడు, కోర్టులలో చిక్కుకొనిన త్రాగుబోతుల కొరకు ఏదైన చేయుడని ఆంగ్ల సంఘమువారి మద్యనిషేధ సమాజమునకు వ్రాసి, అయిదు షిల్లింగులు పంపెను. అయిదు షిల్లింగులే! ఆ చిన్న కానుకతో ఆ సమాజమువారు కోర్టులలో మిషనరీలను నియమించుట మొదలుపెట్టిరి. ఆ పని పెరిగి పెరిగి 1907లో అక్కడి ప్రొబేషను చట్టమాయెను. నేరస్థునికి బుద్ధి చెప్పుట, సాయపడుట, స్నేహితుడై యుండుట, ఈ మూడును ఆఫీసరు విధులని ఆ చట్టము చెప్పెను. స్నేహము చేయుమని ఆజ్ఞాపించిన చట్టములు లోకములో ఎన్ని యుండును?

స్కాట్లాండులో 1968వ సంవత్సరపు చట్టము వలన ప్రొబేషను పనిని పట్టణ, జిల్లా పాలక సంస్థల సంఘసేవా శాఖలకు అప్పగించిరి. 2011 నుండి అక్కడ నేరస్థుడు ఇరువది గంటలు మొదలుకొని మూడు వందల గంటలవరకు జీతము లేని పని చేసి సమాజమునకు బాకీ తీర్చు ఉత్తరువు అమలులో నున్నది. అవసరమైనచో ఒక సంఘసేవకుని పర్యవేక్షణను, త్రాగుడు మాన్పు చికిత్సను కోర్టు దానికి జతచేయును. మన ప్రాంతములో కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు రాజధానిలో ఉన్న దినములలోనే, 1936లో, అక్కడ ప్రొబేషను చట్టమొకటి వచ్చెను.

ఇంతయు ఎందుకు చెప్పుచున్నాననగా, ఒక చెప్పులు కుట్టువాడును ఒక అచ్చు పనివాడును చేయగలిగిన పనిని మన సంఘము చేయలేదని ఎవరును అనకుండునట్లు.

పౌలు చేసిన అయిదు పనులు

ఇప్పుడు మన పత్రికకు వత్తము. ఒనేసిము ఏమి తప్పు చేసెనో పౌలు విప్పి చెప్పలేదు. నష్టము చేసియుండినయెడల, బాకీ పడియుండినయెడల అని మాత్రము వ్రాసెను. తప్పిపోయినవాని సంగతి పదిమందిలో చదువబడు పత్రికలో ఎంతవరకు చెప్పవలెనో అంతవరకే చెప్పెను. మనమైతే ఎంత చెప్పుదుము!

మొదటిది, పౌలు అతనిని దాచలేదు. ఒనేసిము మారుమనస్సు పొందెను, పౌలుకు ఉపచారము చేయుచుండెను, తనయొద్దనే ఉంచుకొనుటకు పౌలునకు మనస్సుండెను. అయినను పంపివేసెను. ఎవనికి నష్టము కలిగెనో అతని గుమ్మమునకే పంపెను. దేవుని యొద్ద క్షమాపణ దొరికినది గనుక మనుష్యుల యొద్ద లెక్క చెప్పనక్కరలేదని పౌలు బోధింపలేదు. జక్కయ్య సంగతియు అట్టిదే. రక్షణ అతని యింటికి వచ్చిన దినముననే అతడు అన్యాయముగా తీసికొనినదానికి నాలుగంతలు తిరిగి యిచ్చెదననెను. కావున ప్రొబేషను మీద వచ్చినవాడు మోటారు తీగకు పరిహారము చెల్లించుట అతనికి అవమానము కాదు, అది అతని స్వస్థతలో భాగము. సంఘము దానిలో అతనికి సాయపడవలెను గాని దానినుండి తప్పింపరాదు.

రెండవది, పౌలు పూటపడెను. ఆ నష్టమును తన లెక్కలో వేయుమనెను. అది నోటిమాటగా విడువక, తన చేతితోనే వ్రాయుచున్నానని చేర్చెను. జామీను పత్రము వ్రాసినవారందరికిని ఆ వచనము బోధపడును. అయితే సామెతల గ్రంథము పరులకొరకు పూటపడవద్దని హెచ్చరించుచున్నదే అని మీరడుగవచ్చును. నిజమే, ఆరవ అధ్యాయములోను పదునొకండవ అధ్యాయములోను ఆ హెచ్చరిక యున్నది. తెలివిలేక, వాని నడత ఎరుగక, మొగమాటమునకు చేవ్రాలు చేయువానికి అది తగిన హెచ్చరిక. అయితే యూదా తన తమ్ముడైన బెన్యామీను కొరకు తండ్రి యెదుట పూటపడెను. వెండిగిన్నె బెన్యామీను గోనెలో దొరికినప్పుడు, వానికి బదులుగా నన్ను దాసునిగా ఉంచుకొనుమనెను. పరునికి పూటపడుట వేరు, తమ్ముని కొరకు నిలుచుట వేరు. ప్రశ్న ఏమనగా, ఆ బస్సు దిగినవాడు మనకు పరుడా, తమ్ముడా?

మూడవది, త్రోవలో తోడు. ఒనేసిమును పౌలు ఒంటరిగా పంపలేదు. కొలొస్సయులకు వ్రాసిన పత్రిక నాలుగవ అధ్యాయము చూడుడి. తుకికు అనువాడు అతనితో కూడ వచ్చెను. ఆ దూరప్రయాణములో వెనుకకు తిరిగి పారిపోవుటకు ఎన్ని చోట్లుండెనో! ఒక్కడే యుండినచో ఏ రేవులోనో కాలు ఆగియుండును. తుకికు కావలివాడు కాడు, సంకెళ్లు పట్టుకొనలేదు, తోడుగా నడచెను. తప్పు చేసినవానికి మొదటి ఆరు నెలలు ఆ ప్రయాణము వంటివే. పాత స్నేహితులు కల్లు దుకాణమునొద్ద పిలుతురు. పని దొరకదు. భార్య పుట్టింటనుండి రాదు. అప్పుడు ప్రక్కన నడచువాడు కావలెను.

నాలుగవది, పౌలు తాను వచ్చి చూచెదననెను. పత్రిక చివర తనకొరకు బస సిద్ధము చేయుమని ఫిలేమోనును కోరెను. చదువునప్పుడు ఇది సామాన్యమైన మాటగా తోచును. అయితే ఫిలేమోను దానిని ఎట్లు చదివియుండును? పౌలు వచ్చును, భోజనమునకు కూర్చుండును, ఒనేసిము ఎక్కడ అని అడుగును! ప్రొబేషను ఆఫీసరు ఇంటికి వచ్చి చూచుట ఇట్టిదే. అతడు నేరస్థుని మాత్రమే చూచుటకు రాడు, అతని చుట్టునున్న మనలను కూడ చూచును. చట్టము ప్రకారము అతని పని ఏమనగా, ఇంటి పరిస్థితులను విచారించి కోర్టునకు తెలుపుట, పర్యవేక్షించుట, తగిన ఉపాధి దొరకునట్లు ప్రయత్నించుట, పరిహారము చెల్లించుటలో సలహాయు సాయమును ఇచ్చుట. ఊరివారు తలుపులు మూసికొనినచో అతడొక్కడే ఏమి చేయగలడు?

అయిదవది, పౌలు ఆ పత్రికను ఒక్క ఫిలేమోనుకే వ్రాయలేదు. రెండవ వచనము చూడుడి. అప్ఫియకును, అర్ఖిప్పునకును, ఆ యింట కూడుకొను సంఘమునకును వ్రాసెను. నష్టపోయినవాని మీద మాత్రమే క్షమించు భారమంతయు వేయలేదు. సంఘమంతయు విని, సంఘమంతయు ఆ భారము క్రింద భుజము పెట్టవలెనని కోరెను. మనము చేయు తప్పిదమిదే సుమా. మోటారు తీగ పోయిన రైతుతో, నీవు క్రైస్తవుడవు గదా, క్షమింపుమని చెప్పి మన దారిని మనము పోవుదుము. అతని పొలమునకు నీరు పెట్టుటకు ఎవరును మోటారు ఎరువియ్యరు. ముందు అతని యింటికి పోయి కూర్చుండుడి. అతని నష్టమెంతో వినుడి. ఆ తరువాత క్షమాపణను గూర్చి మాటలాడుడి.

ఇది దొంగలకు అలుసిచ్చుట కాదా?

పెద్దలడుగు ఈ ప్రశ్న న్యాయమైనదే. దయ చూపినకొలది భయము పోవునని వారి తలంపు. నేనొక ప్రశ్న అడిగెదను. పందొమ్మిదేండ్ల పిల్లవాడు రెండు ధాన్యపు బస్తాలు దొంగిలించినందుకు ఆరు నెలలు జైలులో నుండినచో అక్కడ ఎవరితో కూర్చుండును? ఎవరి విద్య నేర్చుకొనును? తిరిగి వచ్చునప్పటికి అతనికి పని యిచ్చువాడుండడు, మార్గము చూపువారు మాత్రము జైలు స్నేహితులే యుందురు. ఆ ఆరు నెలలు ధాన్యము పోయినవానికి ఒక్క గింజ తిరిగి రాదు. ఊరిలో నుండి పనిచేసి బాకీ తీర్చినచో ఇద్దరికిని మేలు. తిరుగబడినచో కోర్టు తలుపు తెరచియే యున్నది.

ద్వితీయోపదేశకాండము ఇరువదియైదవ అధ్యాయములో ఒక కట్టడ యున్నది. దోషికి నలువది దెబ్బలకు మించి కొట్టరాదు. మించినయెడల అతడు ఇశ్రాయేలీయుని కన్నులకు నీచుడగునని దేవుడు కారణము కూడ చెప్పెను. ఆ చోట దేవుడు ఆ దోషిని దోషి అని పిలువక, నీ సహోదరుడని పిలిచెను. శిక్ష అనుభవించుచున్న గడియలోనే ఆ పేరు పెట్టెను. శిక్షకు కొలత కలదు, సహోదరత్వమునకు గడువు లేదు.

కేవలము నిఘా పెట్టుట వలన ఏమగునో మన ప్రాంతమే చూచినది. 1871వ సంవత్సరమున బ్రిటిషువారు నేరజాతుల చట్టము చేసి, కొన్ని కులములను పుట్టుకచేతనే దొంగలని నమోదు చేసిరి. తరువాత అది మద్రాసు రాజధానికిని వర్తించెను. నేరము చేసినను చేయకున్నను వారు హాజరు చెప్పుకొనవలెను, సెలవు లేక ఊరు దాటరాదు. బాపట్ల సమీపముననున్న స్టువర్టుపురము అట్లు ఏర్పడిన సెటిల్‌మెంటే. దానిని నడపుటకు సాల్వేషన్ ఆర్మీవారికి అప్పగించిరి. అక్కడ వారు బడులు పెట్టిరి, పనులు నేర్పిరి. అయినను దైవజనుల చేతిలో సహితము ఆ హాజరుపట్టీ ఉండెనను సంగతిని మనము మరువరాదు. ఆ చట్టము 1952లో రద్దాయెను. చట్టము పోయినది గాని ఆ పేరు పోవుటకు ఎన్ని తరములు పట్టెనో ఆ ఊరి బిడ్డలనడుగుడి. ప్రొబేషను దానికి కేవలము వేరు. అది కులమును చూడక మనుష్యుని చూచును, పుట్టుకను చూడక చేసిన క్రియను చూచును, గడువు దాటిన తరువాత విడిచిపెట్టును. ఈ చట్టము క్రింద విడుదలయైనవానికి, ఆ నేరస్థాపన వలన చట్టములో కలుగు అనర్హత అంటదని కూడ చెప్పబడినది. చట్టము తుడిచిన మచ్చను సంఘము మరల పూయవచ్చునా?

మనము చేయదగినవి

మాటలతో సరిపెట్టుకొనక కొన్ని పనులు మనవి చేయుచున్నాను.

మన ఊరి పిల్లవాడు మొదటిసారి చిన్న నేరములో చిక్కుకొనినప్పుడు, ప్రొబేషను చట్టము క్రింద మనవి చేయుమని అతని ప్లీడరుకు గుర్తు చేయుడి. వకీలును పెట్టుకొను శక్తి లేనివారికి జిల్లా న్యాయసేవాధికార సంస్థ ద్వారా ఉచిత సహాయము కలదు. పేదవాని తల్లికి ఈ సంగతి తెలియక, ఉన్న మేకలను అమ్ముకొనుట న్యాయము కాదు.

ప్రొబేషను ఆఫీసరు విచారణకు వచ్చినప్పుడు నిజము చెప్పుడి. మనవాడని మంచి కల్పింపవద్దు, పగవాడని చెడు కల్పింపవద్దు. మీ మాటమీద ఒక యౌవనస్థుని సంవత్సరములు ఆధారపడియున్నవి.

సంఘపెద్దలు ఇద్దరు కూడి ఒక్కని బాధ్యత తీసికొనుడి. వారమునకొకసారి అతని యింటికి పోవుడి. కోర్టు వాయిదా నాడు ఒకరైనను వెంట వెళ్లుడి. వెంట వెళ్లువాడు లేనందువలననే వాయిదా తప్పి వారంటు తెచ్చుకొనువారు కలరు.

అతనికి పని యియ్యుడి. నాట్లకో కోతకో పదిమందితో కలిపి పిలువుడి, అందరికిచ్చు కూలియే అతనికిని ఇయ్యుడి. కష్టములో నున్నాడు గదా అని తక్కువ కూలికి పనిచేయించుకొనువాడు దొంగను దోచుకొనుచున్నాడు. అట్లని మొదటి నెలలోనే కానుకల పెట్టె తాళము అతని చేతికిచ్చి పరీక్షింపవద్దు. అది విశ్వాసము కాదు, శోధన. జారుడు నేలమీద నడక నేర్చుకొనుచున్నవానికి ముందు చేతికఱ్ఱ కావలెను.

సమాజసేవ శిక్ష పడినవాడు బడి ఆవరణమునో ఆసుపత్రి వసారానో ఊడ్చుచుండగా అక్కడ గుంపుగా నిలిచి నవ్వకుడి. పిల్లలను పిలిచి చూపింపకుడి. న్యాయాధిపతి విధించినది పని. నవ్వు ఆయన విధింపలేదు. చేతనైనచో దాహమునకు మంచినీళ్లియ్యుడి.

స్త్రీల సమాజమువారికి ఒక మనవి. అతని తల్లినో భార్యనో నూతియొద్ద, కుళాయియొద్ద ఒంటరిగా నిలువనియ్యకుడి. నేరము ఒక్కడు చేసెను, తల వంచుకొని నడచుచున్నది ఇంటిల్లిపాదియు.

ఇదంతయు అతడు మన మతస్థుడైనను కాకపోయినను చేయవలెను. మన సాయమునకు వెలగా బాప్తిస్మమును అడుగరాదు. సమరయుడు గాయపడినవానిని సత్రములో చేర్చి ఖర్చునకు పూటపడునప్పుడు నీ దేవుడెవరని అడుగలేదు.

వీటన్నిటిని చేసినను ఒకడు మరల పడిపోవచ్చును. అది జరుగును, జరుగదని మీకు వాగ్దానము చేయలేను. జాన్ ఆగస్టస్‌కును అందరును మారలేదు. అయినను అతడు మరల కోర్టుకు పోయెను. ఒకడు పడినందువలన తరువాత వచ్చువానికి తలుపు మూయరాదు.

మన పూటకాపు

కడపటిగా, మనము ఈ పని చేయుటకు ఆధారమేమి? మనము మంచివారమనియా? హెబ్రీయులకు వ్రాసిన పత్రిక ఏడవ అధ్యాయములో యేసుప్రభువునకు ఒక బిరుదు కలదు. శ్రేష్ఠమైన నిబంధనకు ఆయన పూటకాపు. ప్రతి ఆదివారమును మనము ఆలయములోనికి ప్రవేశించుచున్నది ఆ పూచీమీదనే. మన బాకీలు ఆయన లెక్కలో వేయబడినవి. ఆయన తన చేతితోనే వ్రాసెను. ఆ చేతులకు మేకుల గుర్తులున్నవి. జామీను మీద బ్రదుకుచున్నవారు మరియొక జామీను మనుష్యుని చూచి మొగము త్రిప్పుకొనుట తగునా?

ఒనేసిము తరువాత ఏమాయెనో లేఖనము విస్తరించి చెప్పలేదు. అయితే కొలొస్సయులకు వ్రాసిన పత్రికలో పౌలు అతనిని నమ్మకమైన ప్రియసహోదరుడని, మీలో ఒకడని వ్రాసెను. అతడింకను ఆ ఊరు చేరలేదు, ఏమియు నిరూపించుకొనలేదు. ముందుగానే ఆ పేరు పెట్టి పంపెను. ఆ పేరును నిజము చేయు పని ఒనేసిముదియు, ఆ సంఘముదియు ఆయెను.

ప్రార్థన: మా బాకీని నీ లెక్కలో వేసికొనిన ప్రభువా, మా ఊరిలో తల వంచుకొని నడచువానిని చూచుటకు మాకు నీ కన్నులిమ్ము. నష్టపోయినవాని కన్నీళ్లను మరువనియ్యకుము. పని యిచ్చుటకు చేతులను, ప్రక్కన నడచుటకు కాళ్లను, ఊరకుండవలసిన చోట ఊరకుండు నాలుకను దయచేయుము. ప్రొబేషను ఆఫీసర్లను, న్యాయాధిపతులను జ్ఞానముతో నడిపించుము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.